ఆ ఒక్క ‘ఎస్’ ఎక్కడ పెట్టాలి? ఇంగ్లీషులో కర్తకూ క్రియకూ పొత్తు కుదిర్చే పద్ధతి

విశాఖలోని పెదజాలరిపేట నుంచి ఒక అమ్మాయి సాయంత్రాలు మా ఇంటికి ఇంగ్లీషు నేర్చుకోడానికి వస్తుంది. డిగ్రీ చివరి సంవత్సరం. బీచ్ రోడ్డులో ఏదైనా హోటల్లో రిసెప్షన్ ఉద్యోగం సంపాదించాలని పట్టుదల. మొదటిరోజు ‘మీ ఇంటి గురించి ఎనిమిది వాక్యాలు రాయమ్మా’ అన్నాను. పావుగంటలో రాసిచ్చింది. అందులో నాలుగు ఇవి:

‘మై ఫాదర్ ఆర్ ఎ ఫిషర్‌మన్.’
‘హీ గో టు ద సీ ఎర్లీ ఇన్ ద మార్నింగ్.’
‘అవర్ హౌస్ హ్యావ్ టూ రూమ్స్.’
‘వన్ ఆఫ్ మై బ్రదర్ ఆర్ ఇన్ గాజువాక.’

నాలుగూ తప్పులే. నేను ఎర్ర పెన్ను తియ్యలేదు. ఒక్కో వాక్యాన్నీ తెలుగులో చెప్పమన్నాను. ‘మా నాన్నగారు చేపలు పడతారు. తెల్లారకుండానే వేటకి వెళ్తారు. మా ఇంటికి రెండు గదులున్నాయి. మా అన్నయ్యల్లో ఒకడు గాజువాకలో ఉంటాడు.’ చెప్పి ఆగింది. ‘తెలుగులో ఎక్కడా తప్పు లేదు కదండీ?’ అంది.

లేదు. మనకు కర్తనుబట్టి క్రియను మార్చడం రాక ఈ తప్పులు రావడం లేదు. నేను వస్తాను, నువ్వు వస్తావు, వాడు వస్తాడు, అది వస్తుంది, వాళ్ళు వస్తారు, అవి వస్తాయి. ఇన్ని మార్పుల్ని మన ఇళ్ళల్లో చిన్నపిల్లలు కూడా తడబడకుండా పలుకుతారు. మన తెలుగు అలవాటు కొన్నిచోట్ల ఇంగ్లీషు అలవాటుకి ఎదురు తిరుగుతుంది, అంతే. ఏ చోట ఎదురు తిరుగుతుందో తెలిస్తే, అక్కడ ఒక్క క్షణం ఆగితే చాలు. ఇన్నేళ్ళు పాఠాలు చెప్పాక నాకు గట్టిగా కుదిరిన నమ్మకం ఇది. అందుకే ఈ మార్గదర్శిని ఇంగ్లీషు రూల్స్ వరసలో కాకుండా తెలుగు మనల్ని ఎటు లాగుతుందో ఆ వరసలో రాస్తున్నాను.

మొదటి మెట్టు: ఎక్కడ చూసుకోవాలో తెలుసుకోండి

ఒకప్పుడు ఇంగ్లీషు క్రియలకూ మన క్రియల్లాగే రకరకాల చివరలు ఉండేవి. కాలక్రమంలో దాదాపు అన్నీ ఊడిపోయాయి. ఇప్పుడు చూసుకోవాల్సిన చోట్లు ఐదే:

యామ్, ఈజ్, ఆర్
వాజ్, వర్
హ్యాజ్, హ్యావ్
డజ్, డూ
మామూలు క్రియ చివర వచ్చే ఎస్ (వర్క్, వర్క్స్)

ఐదోది ప్రెజెంట్ టెన్స్‌లో మాత్రమే వస్తుంది. కర్త ‘హీ’, ‘షీ’, ‘ఇట్’ అయినా, వాటి బదులు వచ్చే ఒక్క మనిషి లేదా ఒక్క వస్తువు అయినా క్రియకి ఎస్ తగిలించాలి. పాస్ట్ టెన్స్‌లో ‘వాజ్, వర్’ తప్ప దేనికీ టెన్షన్ లేదు. ‘హీ వెంట్, దే వెంట్’ ఒకటే. ‘విల్’, ‘క్యాన్’, ‘షుడ్’, ‘మస్ట్’ తర్వాత ఎస్ ఎప్పుడూ రాదు. ‘షీ క్యాన్ స్పీక్స్’ అని వినబడుతుంటుంది. ‘షీ క్యాన్ స్పీక్’ అనే అనాలి.

ఇక్కడ చాలామందిని తికమకపెట్టే విషయం ఒకటుంది. నామవాచకానికి ఎస్ వస్తే బహువచనం. క్రియకి ఎస్ వస్తే ఏకవచనం. ‘బోట్స్ కమ్’, ‘బోట్ కమ్స్’. సాధారణంగా ఎస్ ఒక్కటే, అది ఇటైనా ఉంటుంది, అటైనా ఉంటుంది అని గుర్తుపెట్టుకోండి. ‘మెన్’, ‘చిల్డ్రన్’ లాంటి బహువచనాలకి ఎటూ ఎస్ రాదు.

రెండో మెట్టు: ‘గారు’ని పక్కన పెట్టండి

‘మై ఫాదర్ ఆర్’ ఎక్కడి నుంచి వచ్చింది? ‘నాన్నగారు పడతారు’ నుంచి. మనం పెద్దవాళ్ళకి గౌరవంతో బహువచనం వాడతాం. నాన్న ఒక్కరే, క్రియ మాత్రం ‘పడతారు’. ఆ మర్యాద మనతోపాటు ఇంగ్లీషులోకి నడిచి వచ్చేస్తుంది. ‘సర్ ఆర్ ఇన్ ఎ మీటింగ్’, ‘మేడమ్ హ్యావ్ గాన్ ఔట్’, ‘మై గ్రాండ్‌మదర్ లివ్ విత్ అజ్’. విశాఖలో ఆఫీసు ఫోన్లు ఎత్తే ఎంతోమంది నోట నేను విన్న మాటలివి. ఇవన్నీ మంచి పెంపకం వల్ల వచ్చిన తప్పులే. కానీ అవతల తెలుగురాని మనిషి ఉంటే లోపల ఎంతమంది ఉన్నారో అర్థంకాక ఆలోచనలో పడతాడు.

ఇంగ్లీషులో మనం ఎవరి గురించి చెబుతున్నామో ఆ మనిషి ఎంత పెద్దవాడైనా ఒక్కడైతే ‘ఈజ్’, ‘హ్యాజ్’, ‘డజ్’. రాష్ట్రపతి గురించి చెప్పినా ‘ద ప్రెసిడెంట్ ఈజ్’. గౌరవం ‘సర్’ అనడంలోనూ ‘ప్లీజ్’ అనడంలోనూ ఉంటుంది, క్రియలో ఉండదు.

మరి ‘యూ ఆర్’ ఎందుకు, ఎదురుగా ఉన్నది ఒక్కరే కదా అని ఆ అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. పాత ఇంగ్లీషులో మన ‘నువ్వు’ లాంటి మాట ‘దౌ’. ‘యూ’ మన ‘మీరు’ లాంటిది. ఒకరికంటే ఎక్కువమందిని పిలవడానికీ, పెద్దవాళ్ళని పిలవడానికీ వాడేవారు. పోనుపోను అందరినీ ‘యూ’ అనడం మొదలై ‘దౌ’ వాడుకలోంచి తప్పుకుంది. అందుకే ‘యూ’ పక్కన ఎప్పుడూ ‘ఆర్’, ‘వర్’, ‘హ్యావ్’. ‘యూ వాజ్’ రాయకూడదు. ‘మీరు’ అనే మర్యాద ఇంగ్లీషులో మిగిలింది ఆ ఒక్క మాటలోనే. ‘హీ’, ‘షీ’ల దాకా అది రాలేదు.

మూడో మెట్టు: ‘కి’, ‘కు’ ఉన్న వాక్యాల దగ్గర జాగ్రత్త

‘అవర్ హౌస్ హ్యావ్ టూ రూమ్స్’ చూడండి. తెలుగులో ‘మా ఇంటికి రెండు గదులున్నాయి’. మన వాక్యంలో క్రియ గదుల్ని అనుసరించింది. ఇంగ్లీషులో వాక్యం తిరగబడి ఇల్లు కర్త అవుతుంది. కాబట్టి క్రియ ఇంటిని చూడాలి: ‘అవర్ హౌస్ హ్యాజ్ టూ రూమ్స్’.

‘ఆమెకు ఇద్దరు పిల్లలున్నారు’ కూడా అంతే. పిల్లలు ఇద్దరు కాబట్టి చెయ్యి ‘హ్యావ్’ వైపు వెళ్తుంది. ‘షీ హ్యాజ్ టూ చిల్డ్రన్’ అనాలి. ‘విశాఖకి పెద్ద ఓడరేవు, ఫిషింగ్ హార్బర్ ఉన్నాయి’ అంటే ‘విశాఖపట్నం హ్యాజ్ ఎ బిగ్ పోర్ట్ అండ్ ఎ ఫిషింగ్ హార్బర్’. ఎన్ని ఉన్నాయన్నది కాదు, ఎవరికి ఉన్నాయన్నదే లెక్క.

అదే ‘దేర్’తో మొదలుపెడితే మళ్ళీ తెలుగు దారిలోకే వస్తాం. ‘దేర్ ఆర్ టూ రూమ్స్ ఇన్ అవర్ హౌస్.’ ఇక్కడ క్రియ గదుల్నే చూస్తుంది. ఉంది అంటే ‘దేర్ ఈజ్’, ఉన్నాయి, ఉన్నారు అంటే ‘దేర్ ఆర్’.

నాలుగో మెట్టు: వంటింట్లో సరుకులు లెక్క చూడండి

ఇది చాలా పెద్ద చిక్కు, దీని గురించి పుస్తకాలు మనకి సరిగ్గా చెప్పవు. తెలుగులో నీళ్ళు ‘వస్తాయి’, పాలు ‘విరిగిపోతాయి’, బియ్యం ‘అయిపోతాయి’, డబ్బులు ‘ఉంటాయి’, సామాన్లు ‘దిగుతాయి’. మనకివన్నీ బహువచనాలే. ఇంగ్లీషులో ఇవన్నీ లెక్కకు రాని రాశులు, అందుకే ఏకవచనం.

‘ద వాటర్ ఆర్ నాట్ కమింగ్’ కాదు, ‘ద వాటర్ ఈజ్ నాట్ కమింగ్’. ‘ద మిల్క్ హ్యాజ్ గాన్ బ్యాడ్’. ‘ద మనీ ఈజ్ ఆన్ ద టేబుల్’. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర బస్సు దిగి ఆటోవాడితో మాట్లాడుతుంటే ‘మై లగేజ్ ఈజ్ ఇన్ ద బస్’. బ్యాగులు ఐదున్నా లగేజ్ ఒకటే, దానికి చివర ఎస్ కూడా పెట్టం. ‘ఇన్ఫర్మేషన్’, ‘ఫర్నిచర్’, ‘అడ్వైజ్’ కూడా ఇదే కోవ.

‘న్యూస్’ ఇంకో రకం మోసం. మనకి వార్తలు ‘వచ్చాయి’, పైగా ఇంగ్లీషు మాట చివర ఎస్ కనబడుతోంది. రెండు వైపుల నుంచీ బహువచనంలాగే ఉంటుంది. అయినా ‘ద న్యూస్ ఈజ్ గుడ్’. ‘లెక్కలు కష్టంగా ఉన్నాయి’ అంటాం, కానీ ‘మ్యాథమేటిక్స్ ఈజ్ డిఫికల్ట్’.

దీనికి పూర్తిగా తిరగబడ్డ జాబితా ఒకటుంది. మనకి కత్తెర ఒకటే, ప్యాంటు ఒకటే, కళ్ళజోడు ఒకటే. ఇంగ్లీషులో రెండు బ్లేడ్లు, రెండు కాళ్ళు, రెండు అద్దాలు లెక్కలోకి వచ్చి బహువచనం అవుతాయి. ‘ద సిజర్స్ ఆర్ ఇన్ ద డ్రాయర్’, ‘మై గ్లాసెస్ ఆర్ బ్రోకెన్’. ‘పోలీస్’, ‘పీపుల్’ చివర ఎస్ లేకపోయినా బహువచనాలే: ‘ద పోలీస్ ఆర్ ఎట్ జగదాంబ జంక్షన్’.

ఈ మెట్టు బట్టీ పడితే రాదు. ఇంట్లో వంటగది గుమ్మంలో నిలబడి కనిపించిన ప్రతి సరుకు మీదా ఒక వాక్యం చెప్పండి. బియ్యం, పప్పు, నూనె, పంచదార, ఉల్లిపాయలు. ఉల్లిపాయల దగ్గరికి వచ్చేసరికి ‘ఆర్’ కావాలి, ఎందుకంటే వాటిని లెక్కపెట్టొచ్చు. వారం రోజులు ఇలా చేస్తే నోటికి అలవాటైపోతుంది.

ఐదో మెట్టు: ఒకరా, అందరా

‘మా అన్నయ్యల్లో ఒకడు ఉంటాడు.’ ఇక్కడ తెలుగు మనకి చక్కగా సాయం చేస్తుంది. ‘అన్నయ్యల్లో’ బహువచనం, ‘ఉంటాడు’ ఏకవచనం. ఇంగ్లీషు కూడా అచ్చంగా ఇంతే: ‘వన్ ఆఫ్ మై బ్రదర్స్ ఈజ్ ఇన్ గాజువాక’. ‘బ్రదర్స్’లో ఎస్ పోగొట్టకండి, ‘వన్’కి తగ్గట్టు ‘ఈజ్’ పెట్టండి. తెలుగు వాక్యాన్ని నమ్ముకుంటే చాలు.

‘ప్రతి ఒక్కరూ వచ్చారు’, ‘ఎవరూ లేరు’, ‘ఎవరో వచ్చారు’ దగ్గర మాత్రం తెలుగుని నమ్మకండి. మన క్రియ బహువచనంలో ఉంటుంది. ఇంగ్లీషులో ‘ఎవ్రీవన్’, ‘నోబడీ’, ‘సమ్‌బడీ’, ‘ఈచ్’ అన్నీ ఏకవచనమే. ‘ఎవ్రీవన్ ఈజ్ హియర్’, ‘సమ్‌బడీ హ్యాజ్ కమ్’. ‘ఎవరు వచ్చారు?’ అనడానికి కూడా ‘హూ హ్యాజ్ కమ్?’ అంటేనే సహజం.

ఆరో మెట్టు: మధ్యలో దూరిన మాటని వేలితో మూయండి

హార్బర్ దగ్గర ‘రొయ్యల ధర ఎక్కువగా ఉంది’ అంటాం. ధర చెప్పాక క్రియ వస్తుంది, రొయ్యలు ధరకి ముందే వచ్చేస్తాయి, పొరపాటుకి తావు లేదు. ఇంగ్లీషులో వరస తిరగబడి ‘ద ప్రైస్ ఆఫ్ ప్రాన్స్...’ అవుతుంది. ఇప్పుడు క్రియ పక్కన రొయ్యలు వచ్చి కూర్చున్నాయి. చెవికి ‘ప్రాన్స్’ వినబడి నోరు ‘ఆర్’ అనేస్తుంది.

రాసేటప్పుడు ‘ఆఫ్’ నుంచి క్రియ ముందు దాకా ఉన్న ముక్కని చూపుడువేలితో మూసెయ్యండి. మిగిలింది ‘ద ప్రైస్... హై’. ధర ఒకటే, కాబట్టి ‘ద ప్రైస్ ఆఫ్ ప్రాన్స్ ఈజ్ హై’. ‘ఇన్’, ‘విత్’, ‘నియర్’, ‘ఫ్రమ్’లతో వచ్చే ముక్కల్ని కూడా ఇలాగే మూయొచ్చు. ‘ద బోట్స్ నియర్ ద జెట్టీ ఆర్ న్యూ’: జెట్టీని మూస్తే బోట్లు మిగులుతాయి. ‘ద ట్రైన్ టు అరకు పాసెస్ త్రూ మెనీ టన్నెల్స్’: అరకుని మూస్తే రైలు ఒక్కటే. ‘ఎ లాట్ ఆఫ్’, ‘సమ్ ఆఫ్’, ‘మోస్ట్ ఆఫ్’ లాంటి వాటి దగ్గర మాత్రం వేలు వద్దు. అక్కడ వెనక వచ్చే మాటే లెక్క: ‘సమ్ ఆఫ్ ద వాటర్ ఈజ్’, ‘సమ్ ఆఫ్ ద బోట్స్ ఆర్’.

‘తోపాటు’ దగ్గర ఇంకో మెలిక ఉంది. ‘ఓనర్‌తోపాటు ఇద్దరు కొడుకులూ హార్బర్లో ఉన్నారు’ అంటే మనకి కర్త కొడుకులు. ఇంగ్లీషులో సాధారణంగా ‘ద ఓనర్, ఎలాంగ్ విత్ హిజ్ టూ సన్స్, ఈజ్ ఎట్ ద హార్బర్’ అంటారు. అక్కడ కర్త ఓనర్. కొడుకులు రెండు కామాల మధ్య ఉండిపోతారు, వాళ్ళని వేలితో మూసెయ్యొచ్చు. ‘అండ్’ పెడితే మాత్రం ఇద్దరూ కలుస్తారు: ‘ద ఓనర్ అండ్ హిజ్ సన్ ఆర్’.

ఏడో మెట్టు: మన భాషలో మారని చోట్లు

క్రియ అంతటా మారే తెలుగులో కూడా మారని చోట్లు రెండున్నాయి. అక్కడే మనం ఇంగ్లీషులో ఎస్ మర్చిపోతాం. ఇది గమనించిన రోజు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను, ఎందుకంటే నా విద్యార్థులు ఏళ్ళ తరబడి చేస్తున్న తప్పుకి కారణం దొరికింది.

మొదటిది, ‘లేదు’, ‘తెలియదు’ లాంటి కాదనే మాటలు. నేను రాలేదు, ఆమె రాలేదు, వాళ్ళు రాలేదు. ఎవరైనా ‘రాలేదు’ ఒకటే. నాకు తెలియదు, ఆయనకు తెలియదు, అందరికీ తెలియదు. ఆ అలవాటుతో అందరికీ ‘డోంట్’ తగిలిస్తాం: ‘షీ డోంట్ నో’. ‘షీ డజంట్ నో’ అనాలి. కొందరు ఇంకొంచెం జాగ్రత్తపడి ‘షీ డజంట్ నోజ్’ అంటారు. ఎస్ ఒక్కటే ఉంటుంది, దాన్ని ‘డజ్’ ముందే తీసేసుకుంది. అసలు క్రియ బోసిగా మిగలాలి. ప్రశ్నలోనూ అంతే: ‘డజ్ యువర్ ఫాదర్ గో?’

రెండోది, ‘అమ్మే అబ్బాయి’, ‘అమ్మే అబ్బాయిలు’. మనం ‘అమ్మే’ని మార్చం. ఇంగ్లీషులో ‘హూ’ తర్వాత వచ్చే క్రియ మారుతుంది. బీచ్‌లో మురీ మిక్చర్ (మరమరాల చిరుతిండి) అమ్మే అబ్బాయికి మా నాన్న తెలుసు అనాలంటే ‘ద బాయ్ హూ సెల్స్ మురీ మిక్చర్ నోజ్ మై ఫాదర్’. రెండు క్రియలు, రెండు ఎస్‌లు. అబ్బాయిలు చాలామంది అయితే ‘ద బాయ్స్ హూ సెల్ మురీ మిక్చర్ నో మై ఫాదర్’. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన రాసుకుని నాలుగుసార్లు గట్టిగా చదవండి.

‘ఆయన డాక్టర్’ అని క్రియ లేకుండా మాట్లాడటం కూడా మనకుంది. అందుకే ‘మై అంకుల్ డాక్టర్’ అనేస్తాం. ‘మై అంకుల్ ఈజ్ ఎ డాక్టర్.’ మరికొందరు ఈజ్ అక్కర్లేని చోట పెడతారు: ‘హీ ఈజ్ వర్క్ ఇన్ స్టీల్ ప్లాంట్’. ‘హీ వర్క్స్’ అని గానీ ‘హీ ఈజ్ వర్కింగ్’ అని గానీ ఒకటి ఎంచుకోవాలి.

కొన్ని చిన్న విషయాలు

కాలం, దూరం, డబ్బు మొత్తంగా చెబితే ఏకవచనం. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ అమ్మాయి ఇంట్లో ఆ రోజులు ఎలా గడుస్తాయో చెబుతూ ‘సిక్స్టీ వన్ డేస్ ఆర్ ఎ లాంగ్ టైమ్’ అంది. రోజులు విడివిడిగా కాదు, ఆ గడువంతా ఒక్కటిగా చూడాలి: ‘సిక్స్టీ వన్ డేస్ ఈజ్ ఎ లాంగ్ టైమ్’.

‘ఎ నంబర్ ఆఫ్ బోట్స్ ఆర్’ అంటే చాలా బోట్లు. ‘ద నంబర్ ఆఫ్ బోట్స్ ఈజ్’ అంటే బోట్ల సంఖ్య. ‘నైదర్... నార్’ వస్తే క్రియకి దగ్గరగా ఉన్న మాటని చూడండి: ‘నైదర్ ద డ్రైవర్ నార్ ద ప్యాసింజర్స్ వర్ హర్ట్’. ‘టీమ్’, ‘ఫ్యామిలీ’, ‘గవర్నమెంట్’ పరీక్షల్లో ఏకవచనంగా రాయడం క్షేమం. క్రికెట్ కామెంటరీలో ‘ఇండియా ఆర్ బ్యాటింగ్’ అని వింటే కంగారుపడకండి, అది బ్రిటిష్ పద్ధతి.

నాలుకకి కూడా నేర్పాలి

రాతలో ఎస్ పెట్టినవాళ్ళు కూడా మాటలో మింగేస్తారు. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. ‘వర్క్స్’, ‘ఆస్క్స్’ లాంటి చోట హల్లు మీద హల్లు పడి ఆగడం మన నాలుకకి కష్టం. దీనికి మందు మన దగ్గరే ఉంది, సంధి. ‘రాముడు అతడు’ కలిపి ‘రాముడతడు’ అంటాం కదా. అలాగే ‘వర్క్స్ ఇన్’ని ‘వర్క్సిన్’ అనండి. ‘లివ్జ్ ఇన్’ని ‘లివ్జిన్’ అనండి. ఎస్ తర్వాతి మాటలోకి జారిపోతుంది, మింగాల్సిన పనుండదు. మొదట నిదానంగా కలపండి, వేగం దానంతటదే వస్తుంది.

రోజూ చేయాల్సిన పని

ఇంట్లో ఒకరిని ఎంచుకుని వాళ్ళ దినచర్య మీద ఎనిమిది వాక్యాలు రాయండి. ప్రతి వాక్యంలో కర్త కింద గీత, క్రియ చుట్టూ సున్నా. మధ్యలో ముక్క ఉంటే వేలితో మూసి చూడండి. తర్వాత ఆ ఒక్కరి బదులు ఇద్దరిని పెట్టి అదంతా మళ్ళీ రాయండి. రెండింటినీ పైకి చదవండి. పదిహేను నిమిషాల పని. తప్పు దొరికితే దాని పక్కన తెలుగు వాక్యం రాసుకోండి, ఎక్కడ లాగిందో కనబడుతుంది.

ఆ అమ్మాయి మూడోవారం తెచ్చిన కాగితంలో పెన్సిల్ గీతలు, సున్నాలు, రెండుచోట్ల రబ్బరుతో చెరిపిన మరకలు ఉన్నాయి. ఒక పక్క ‘మై ఫాదర్ ఈజ్ ఎ ఫిషర్‌మన్. హీ గోజ్ టు ద సీ ఎర్లీ ఇన్ ద మార్నింగ్. హీ డజంట్ స్లీప్ మచ్.’ రెండోపక్క నాన్నకి చిన్నన్నయ్యని కలిపింది: ‘మై ఫాదర్ అండ్ మై బ్రదర్ ఆర్ ఫిషర్‌మెన్. దే గో టు ద సీ ఎర్లీ ఇన్ ద మార్నింగ్. దే డోంట్ స్లీప్ మచ్.’ పైకి చదవమన్నాను. ‘గోజ్ టు’ దగ్గర ఒకసారి ఆగి, మళ్ళీ మొదటినుంచి చదివింది.